వెన్న డబ్బాలో మందు

ఓలెటా మామ్మ ఊళ్ళో అబద్ధం ఆడదు. ఆడక తప్పని రోజున కారు తీసుకుని, రెండు కొండలు దాటి, పక్క కౌంటీలో ఆడి వస్తుంది.

నెలకోసారి ఆమె అటు వెళ్ళడం లిక్ ఫోర్క్ లోయలో అందరూ చూసేదే. ఎక్కడికని అడిగితే "బొంతగుడ్డలకి" అంటుంది. అక్కడ చవకట. ఆమె ఆఖరిసారి బొంత కుట్టింది మనవరాలు ట్రెస్సీ ఉయ్యాల్లో ఉండగా. ఆ ట్రెస్సీ ఇప్పుడు బడి మానేసి డెయిరీ బార్‌లో ఐస్‌క్రీములు తిప్పుతోంది. మామ్మ వెళ్ళేది మందుల షాపుకి. కౌంటరు దగ్గర అటూ ఇటూ చూసి, పర్సులోంచి ఒక కార్డు తీసి, బోర్లా పెట్టి జరుపుతుంది. అవతలివాళ్ళు దాన్ని తిప్పి చూసి ఇన్సులిన్ సీసాలు ఇస్తారు. వచ్చేటప్పుడు నిజంగానే కాస్త గుడ్డ కొనుక్కొస్తుంది, దారిలో ఎవరైనా సంచీ విప్పమంటారేమోనని. అలా కొన్న గుడ్డతో బీరువా తలుపు మూతపడ్డం మానేసింది.

మామ్మకి షుగరు. లిక్ ఫోర్క్‌లో షుగరు లేని ఇల్లు కావాలంటే వెతుక్కోవాలి, కాబట్టి అందులో సిగ్గేమీ లేదు. సిగ్గంతా ఆ కార్డుతోనే.

మందులు కొనుక్కోలేనివాళ్ళకి రాష్ట్రం ఇచ్చే కార్డు అది. వాషింగ్టన్‌లో కొత్త చట్టం వచ్చాక, అంతకు ముందు దొరకనివాళ్ళకి కూడా దొరకడం మొదలైంది. మామ్మకి మొదట్లో దాని అవసరం లేదు. హెర్షెల్ తాత బొగ్గుగనిలో చేసేవాడు, ఇంటిల్లిపాదికీ గని ఇన్సూరెన్సు ఉండేది. కంపెనీ దివాలా తీసింది, ఇన్సూరెన్సు పోయింది. కొన్నాళ్ళకి తాతా పోయాడు. మామ్మ బడి వంటింట్లో పనిచేసేది. ఆ బడిని టౌను బడిలో కలిపేసినప్పుడు ఆ పనీ పోయింది. పెద్దవాళ్ళకి ప్రభుత్వం చేయించే వైద్యం అరవై ఐదు నిండితే గాని రాదు. ఆమెకి అరవై ఒకటి. అంతవరకూ కాస్త ఆగమంటే షుగరు వినే రకం కాదు.

ఇంతవరకూ చెప్పింది ఎవరికైనా వచ్చే కష్టమే. మామ్మతో వచ్చిన చిక్కు వేరు. ఆమె కాఫీలో పంచదార మానేసింది గాని మాటలో కారం మానలేదు.

రోజూ పొద్దున డెయిరీ బార్‌లో కిటికీ పక్క బల్ల ఆమెది. ఎదురుగా తమ్ముడు ఆర్విల్, చుట్టూ నలుగురైదుగురు.

"నా చెయ్యి ఎవరి ముందూ చాపలేదు," అనేది మామ్మ. "బడిలో వండాను, నా తిండి నేను తిన్నాను. ఇప్పటివాళ్ళకి పొద్దున లేస్తే కార్డు, పడుకోబోతే కార్డు. పని చెయ్యమంటే నడుంనొప్పి."

"అవునవును," అని ఆర్విల్ తన కాఫీలోకి చూసేవాడు. అందరూ ఎవరి కాఫీలోకి వాళ్ళు చూసేవాళ్ళు. వాళ్ళంతా ఒప్పుకుంటున్నారనుకునేది మామ్మ.

ఆమె మాటలకి ఎక్కువగా దొరికేది నాడీన్ ఫ్యూగేట్. ఇద్దరిదీ ఒకే ఈడు, ఒకే చర్చి వంటిల్లు; ఓలెటా ఆమెకి చిన్నప్పటి నుంచీ లీటాయే. నాడీన్‌కి కార్డుంది, ఉందని అందరికీ చెబుతుంది. చట్టం తీసేస్తామని వాషింగ్టన్‌లో మొదలుపెట్టిన దగ్గర్నుంచీ, ఒక అట్టముక్క మీద 'మా మందులు మాకుంచండి' అని రాసుకుని, కౌంటీ ఆఫీసులన్నీ ఉండే కోర్టుహౌసు మెట్ల దగ్గర నిలబడుతోంది. అది చూసిన మర్నాడే మామ్మ డెయిరీ బార్‌లో అంది: "నాడీన్‌ని చూశారా? చాపీ చాపీ ఒక చెయ్యి పొడుగైపోయింది. చొక్కా కుట్టించుకోవాలంటే దర్జీకి చెప్పుకోవాలి పాపం." ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఐస్‌క్రీము మిషను దగ్గర ట్రెస్సీ నవ్వలేదు. ఎందుకంటే అప్పటికే నాడీన్ తలుపు తీసుకుని లోపలికి వచ్చి ఉంది. నాడీన్ తన కాఫీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ చట్టాన్ని తీసేస్తామన్నవాళ్ళకే మామ్మ ఓటు వేసింది. తీసేసేది సోమరిపోతులకి కదా, తనకెందుకు తీస్తారనుకుంది. మే నెలలో కింది సభ సరేనంది. ఇక పై సభ తేల్చాలి. టీవీలో ఒకడు కార్డు పోయినట్టే అంటాడు, ఇంకొకడు పోదంటాడు, మూడోవాడు కొందరికి పోతుంది కొందరికి ఉంటుందంటాడు. ఏ కొందరో వాడు చెప్పేలోపు ప్రకటన వస్తుంది. మామ్మ ఎవరినైనా అడగొచ్చు. కానీ అడగాలంటే ముందు తన దగ్గర కార్డుందని చెప్పాలి.

అందుకని అడగలేదు. తీసేస్తామన్న మాట మొదలైన చలికాలం నుంచే సూదిలోకి ఎక్కించేది తగ్గిస్తూ వచ్చింది. ముందు కొంచెం, ఆ తరవాత ఇంకొంచెం. అలా మిగిలిన సీసాలని ఖాళీ వెన్న డబ్బాలో పెట్టి, ఫ్రిజ్ అడుగు అరలో వెనక్కి తోసింది. కార్డు పోయిన రోజున అవి ఆదుకుంటాయని ఆమె లెక్క.

షుగరు లెక్క వేరుగా ఉంది. మామ్మకి దాహం ఎక్కువైంది. జగ్గులకొద్దీ నీళ్ళు తాగేది, అవి చాలక ట్రెస్సీ తెచ్చుకున్న కూల్‌డ్రింకులు కూడా ఎత్తేసేది. గౌన్లు వదులయ్యాయి. చర్చిలో ఆడవాళ్ళు "బాగా చిక్కావు ఓలెటా, ఏం తింటున్నావు?" అని మెచ్చుకునేవాళ్ళు. మామ్మ కూడా ఆ మెప్పు పుచ్చుకునేది.

మే ఆఖర్న డెకరేషన్ వచ్చింది. ఆ ఆదివారం లిక్ ఫోర్క్ అంతా కొండెక్కి, తమవాళ్ళ సమాధులు తుడిచి పూలు పెట్టి, అక్కడే బల్లలు వేసుకుని భోంచేస్తుంది. మామ్మ తన ఎండు ఆపిల్ కేకు పొరలు పొరలుగా పేర్చి రెండు రోజులు ఊరబెట్టింది. ఆ పొద్దున కళ్ళు తిరుగుతున్నాయని కుర్చీలో కూర్చుని, పనులన్నీ నోటితోనే చేయిస్తోంది.

"అడుగు అరలో డబ్బాలున్నాయి, తీసుకెళ్ళి వాకిట్లో ట్రక్కులో పెట్టు," అంది ట్రెస్సీతో.

"ఏవి?"

"పసుపువి. ఒకదాంట్లో క్యాబేజీ, ఒకదాంట్లో ఆపిల్ ముద్ద."

"మామ్మా, మనింట్లో పసుపుది కాని డబ్బా ఒక్కటి చూపించు, దానికి దణ్ణం పెట్టుకుంటా."

"నోరు తగ్గించి చేతులు కదుపు."

లిక్ ఫోర్క్‌లో వెన్న డబ్బాని ఎవరూ పారెయ్యరు. కడిగి మళ్ళీ వాడతారు. ఏ ఫ్రిజ్ తెరిచినా అవే పసుపు మూతలు, లోపల వెన్న తప్ప అన్నీ ఉంటాయి. ట్రెస్సీ ఏ డబ్బా మూతా తీసి చూడలేదు. అడుగు అరలో పసుపుగా కనబడ్డవన్నీ చంకలో పెట్టుకెళ్ళి ట్రక్కులో పడేసింది. ట్రక్కు కొండెక్కింది, డబ్బాలు ఎండలో కూర్చున్నాయి.

పైన సమాధి రాళ్ళ మీద ప్లాస్టిక్ పూలు కొత్తగా మెరుస్తున్నాయి. నాడీన్ తన కొడుకు రాండల్ రాయి తడిగుడ్డతో తుడుస్తోంది. మామ్మ హెర్షెల్ తాత దగ్గరికి వెళ్ళాలంటే ఆ రాయి పక్కనుంచే వెళ్ళాలి. ఏటా అక్కడ ఆమె నడక జోరందుకుంటుంది.

రాండల్ ఇళ్ళ కప్పులు వేసేవాడు. చిన్నప్పటి నుంచీ షుగరు. వాడి రోజుల్లో కార్డు లేదు, మేస్త్రీ ఇన్సూరెన్సు ఇచ్చే రకం కాదు. ఒకరోజు పొద్దున లేవలేదు. అంత్యక్రియల భోజనాల తరవాత చర్చి వంటింట్లో గిన్నెలు తోముతూ మామ్మ అంది: "ఎప్పుడు చూసినా వాడి చేతిలో కూల్‌డ్రింకు. అలా తాగితే షుగరు ఊరుకుంటుందా? చేతులారా తెచ్చుకున్నాడు." వెనక్కి తిరిగితే నాడీన్, ఎంగిలి కంచాలు పట్టుకుని. నాడీన్ కంచాలు తొట్టెలో పెట్టి వెళ్ళిపోయింది. ఆ మాట మాత్రం గిన్నెలు తోమినవాళ్ళందరితోపాటు ఇంటింటికీ వెళ్ళింది. ఆ తరవాత ఇన్నేళ్ళూ ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర వండారు, ఉప్పు ఇటివ్వు, గరిట అటివ్వు అన్నది తప్ప ఇంకో మాట లేకుండా.

బల్లల మీద వేయించిన కోడి, బీన్సు, మొక్కజొన్న రొట్టె పరిచారు. నాడీన్ పసుపు డబ్బాలు ఒక్కొక్కటే మూత తీసి, లోపల ఉన్నదాన్ని బట్టి గరిట వేస్తోంది. ఒక డబ్బా మూత తీసి, చేతిలో గరిటతో అలాగే నిలబడిపోయింది.

మామ్మ బల్ల ఆ చివర్నుంచి చూసింది. డబ్బా గుర్తు పట్టలేదు, నాడీన్ మొహాన్ని గుర్తు పట్టింది. అప్పుడు తెలిసింది అది ఏ డబ్బానో.

"ఏంటది, క్యాబేజీయేనా?" అంటూ ఆర్విల్ కంచం పట్టుకుని వచ్చాడు.

నాడీన్ టక్కున మూత పెట్టింది. "క్యాబేజీయే. పులిసిపోయింది. నువ్వు తిన్నావంటే ఇవాళే ఇక్కడ ఇంకో గుంట తవ్వాలి."

"నాకొద్దు తల్లీ," అని ఆర్విల్ కోడి వైపు తిరిగాడు.

నాడీన్ డబ్బా చంకలో పెట్టుకుని ట్రక్కు వెనక్కి నడిచింది. వెళుతూ మామ్మ వైపు ఒక్కసారి చూసింది. మామ్మ వెనకాలే వెళ్ళింది, బళ్ళో తను వండుతున్న రోజుల్లో తప్పుచేసిన పిల్లలు హెడ్మాస్టరు గదికి వెళ్ళినట్టు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది నాడీన్.

"ఏది?"

"నా దగ్గర ఆ మొహం పెట్టకు లీటా. నిండు సీసాలు. షుగరున్నవాళ్ళింట్లో ఖాళీ సీసాలు పోగవుతాయి గాని నిండువి పోగవ్వవు. ఇలా రా, ఊదు."

"నేనేమన్నా గుర్రాన్నా, సంతలో పళ్ళు చూట్టానికి?"

"ఊదమన్నానా?"

మామ్మ ఊదింది. నాడీన్ ఒక అడుగు వెనక్కి వేసింది.

"మగ్గిన ఆపిల్ వాసన," అంది.

"పొద్దుటి నుంచీ ఆ కేకుతోనే ఉన్నా కదా..."

"కేకు కాదు, షుగరు ముదిరిన ఊపిరి. ఆఖరి వారం రాండల్ గదంతా ఇదే వాసన. నేనూ పళ్ళే కుళ్ళాయనుకున్నా. బుట్ట తీసుకెళ్ళి బయట పారబోసి వచ్చా. పళ్ళు బాగానే ఉన్నాయి లీటా. వాడే." నాడీన్ డబ్బా మూత మీద అరచెయ్యి పెట్టింది. "వాడూ ఇలాగే సగం వేసుకుని సగం దాచాడు. తరవాత ఫ్రిజ్ తీస్తే వాడి మందు ఉంది. మందు మిగిలింది, వాడు మిగల్లేదు."

మామ్మ తోచిందే అంది: "తీసేస్తారంటున్నారుగా. తీసేస్తే నేనెక్కడ కొనను?"

"అందుకే మంగళవారం కోర్టుహౌసుకి పోతున్నా. వాషింగ్టన్‌లో ఉన్న మన కాంగ్రెస్ సభ్యుడు తన మనిషిని పంపుతున్నాడట, మన గోడు వినడానికి. నా చెయ్యి పొడుగు కదా, ఎత్తితే దూరానికి కూడా కనబడుతుంది."

మామ్మ చెవులు కాలాయి. "ఎవరికీ చెప్పకు నాడీన్."

"ఇన్నాళ్ళూ చెప్పానా?" అంది నాడీన్. మామ్మ ఆ మాట పట్టుకోలేదు. "ఇవి ఎండలో ఉడికాయి. పనికొస్తాయో రావో దేవుడికే తెలియాలి. వాడుతున్న సీసా ఎక్కడుంది?"

"పర్సులో."

"ట్రక్కెక్కి మొత్తం వేసుకో. డాక్టరు చెప్పింది చెప్పినట్టు. రేపు పొద్దున్నే క్లినిక్కి పోదాం. పక్క కౌంటీకి కాదు, మన ఊరి క్లినిక్కే."

మామ్మ ట్రక్కెక్కి గౌను కాస్త ఎత్తి పొట్ట మీద సూది వేసుకుంది. కిటికీకి అడ్డంగా నాడీన్ వీపు. ఆ వీపు చూస్తూ మామ్మ సూది తియ్యడం మరిచిపోయి అలాగే ఉండిపోయింది. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండుననిపించింది. తిడితే తిరిగి అనొచ్చు. ఇలా అడ్డం నిలబడితే ఏమనాలి?

ప్రార్థనకి చర్చి పాస్టరు బ్రదర్ డెల్మర్ అందర్నీ పిలిచాడు. ఎవరికి ఏ మొర ఉంటే అది చెప్పుకోవాలి, అందరూ కలిసి ప్రార్థిస్తారు. ఒకామె భర్త తుంటి ఎముక గురించి చెప్పింది. ఒకాయన కొడుకు కోర్టు కేసు గురించి చెప్పాడు. పైకి చెప్పుకోలేనిది ఉన్నవాళ్ళు చెయ్యి ఎత్తి "చెప్పని మొర" అంటే చాలు, ఎవరూ ఆరా తియ్యరు. మామ్మ నెలల తరబడి ఆ చెయ్యి ఎత్తుతూనే ఉంది.

"సిస్టర్ ఓలెటా?" అన్నాడు బ్రదర్ డెల్మర్, అలవాటుగా.

మామ్మ చెయ్యి లేచింది. నాడీన్ తన కొడుకు రాయి మీద ఎండుటాకు తీస్తోంది, తల ఎత్తలేదు.

"నాకు ఆ కార్డుంది," అంది మామ్మ.

"ఏ కార్డు సిస్టర్?"

"మందులకి రాష్ట్రం ఇచ్చే కార్డు. చాలా రోజుల నుంచీ ఉంది. పోతుందేమోనని మందు తగ్గించి దాచుకుంటున్నా. అది ఉండీ..." చుట్టూ ఒకసారి చూసింది. "అది ఉండీ మిమ్మల్నందర్నీ అన్నాను."

ఇక ఇప్పుడు రాళ్ళు పడతాయని మామ్మ కళ్ళు మూసుకుంది.

"అంతేనా?" అన్నాడు ఆర్విల్. "నేనింకా ఏదో గుండెజబ్బనుకుని హడలి చచ్చా. లీటక్కా, అది కొత్త సంగతా?"

మామ్మ కళ్ళు తెరిచింది. "నీకు తెలుసా?"

"నీకు కార్డు రాసిన పిల్ల నా పెళ్ళాం చెల్లెలి కోడలు. నువ్వక్కడ టోపీ పెట్టుకుని, నల్లద్దాలు పెట్టుకుని వచ్చావంట గదా."

బ్రదర్ డెల్మర్ భార్య గొంతు సవరించుకుంది. "మేమూ ఆ మందుల షాపుకే వెళతాం సిస్టర్. నువ్వు వస్తే మేం షాంపూల వరసలోకి తప్పుకుంటాం, నువ్వు ఇబ్బంది పడతావని. ఒకసారి నువ్వు చాలాసేపు ఉండిపోయావు. షాంపూలన్నీ వాసన చూసి చూసి ఈయనకి తలనొప్పి కూడా వచ్చింది."

"ఆ గుడ్డ చూస్తే నాకే తెలిసింది మామ్మా," అంది ట్రెస్సీ. "ఆ గుడ్డతో ఈ కొండకే బొంత కుట్టొచ్చు."

అందరూ నవ్వారు. కడుపులో కల్మషం లేని నవ్వు. ఎవరో మామ్మ భుజం తట్టారు, ఎవరో కుర్చీ తెచ్చారు, "మాకూ ఉంది, మా ఇంట్లో ముగ్గురికుంది" అన్నారు ఒకరిద్దరు. మామ్మ కూర్చుంది. ఒళ్ళంతా మంట. బయటపడితే సిగ్గుగా ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకుంది. ఇదేమిటో అంతకంటే అన్యాయంగా ఉంది. ఆమె పొద్దున్నే బల్ల దగ్గర కూర్చుని కార్డులవాళ్ళని ఆడిపోసుకున్న ప్రతిరోజూ, ఎదురుగా ఉన్నవాళ్ళందరికీ తెలుసు. తెలిసి కాఫీలోకి చూశారు. కళ్ళు పైకెత్తితే ఆమె పరువు పోతుందని, కప్పు అడుగుదాకా చూశారు.

నవ్వనిది నాడీన్ ఒక్కతే. గిన్నెలు సర్దుతోంది. మామ్మ లేచి అక్కడికి వెళ్ళింది.

"నీకూ తెలుసా?"

"తెలుసు."

"చెయ్యి పొడుగైందని అన్న రోజు?"

"ఆ రోజూ తెలుసు."

"మరి నా మొహం మీద అనెయ్యకపోయావా? అందరి ముందూ నా నోరు మూయించకపోయావా?"

"అంటే ఆ మందుల షాపు కూడా మానేస్తావని." నాడీన్ గిన్నెల మీద మూతలు పెడుతూనే ఉంది. "సిగ్గుతో కూడా మనుషులు చచ్చిపోతారు లీటా. మందు కొనడానికి చాల్లేదని రాండల్ నాకు చెప్పలేదు. చెబితే కారు అమ్మేసి కొనేదాన్ని. వాడికి అడగడానికి మొహం చెల్లలేదు. నీ మొహం నాకు నచ్చి కాదు, నచ్చదు కూడా, కానీ నీకూ అలా అవుతుందేమోనని ఊరుకున్నా."

మామ్మ ఒక గిన్నె అందుకుంది. నాడీన్ దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుంది.

"కార్డు సంగతి చెప్పావు. మంచిదే. అది అందరికీ తెలిసిందే కాబట్టి తేలిగ్గా అయిపోయింది. ఇంకోటుంది, అది నువ్వు చెప్పలేదు."

ఏదని మామ్మ అడగలేదు. అడిగితే నాడీన్ ఇంకెప్పుడూ తనతో మాట్లాడదని తెలుసు. చర్చి వంటింట్లో ఎంత హాయిగా వచ్చిందో ఆ మాట, ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకోవడానికి గొంతులో చోటు చాల్లేదు. కేకు అందరూ తిన్నారు. మామ్మ ముట్టలేదు.

సోమవారం నాడీన్ అన్నట్టే క్లినిక్కి తీసుకెళ్ళింది. అక్కడ మామ్మకి సెలైను పెట్టి సాయంత్రందాకా కదలనివ్వలేదు, ఇంకో వారం ఇలాగే నెట్టుకొచ్చి ఉంటే కొండ మీదికి పూలతో కాదు పెట్టెలో వెళ్ళేదానివన్నారు. ఎండలో ఉడికిన సీసాలు పారెయ్యమన్నారు. ఇన్నాళ్ళ పొదుపూ చెత్తబుట్టలో పడింది. పక్క మంచం మీదున్నవాళ్ళ కబుర్లలో కూడా ఆ చట్టం సంగతే. ఉంటుందో పోతుందో డాక్టరమ్మకీ తెలియదు.

మంగళవారం పొద్దున నాడీన్ కారు వచ్చి వాకిట్లో ఆగింది. హారను కొట్టలేదు, పిలవలేదు. మామ్మ తనే వెళ్ళి ఎక్కింది.

కోర్టుహౌసులో పెద్ద గది కిక్కిరిసి ఉంది. కాంగ్రెస్ సభ్యుడి మనిషి చిన్న కుర్రాడు, టై బిగించుకుని, చెప్పినవన్నీ రాసుకుంటున్నాడు. ఆర్విల్ కూడా వచ్చాడు, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రాండల్ అంత్యక్రియలనాడు గిన్నెలు తోమిన ఆడవాళ్ళలో సగంమంది అక్కడే ఉన్నారు. నాడీన్ వంతు వచ్చింది.

"నా కొడుకు రాండల్..." అంది. అంతే, ఆగిపోయింది. ప్రతిసారీ అక్కడే ఆగిపోతుందని మామ్మ విని ఉంది. అట్టముక్క గుండెకి అదుముకుని నాడీన్ కూర్చుండిపోయింది.

"పర్లేదమ్మా, నెమ్మదిగా," అన్నాడు కుర్రాడు. "తరవాత ఎవరు?"

మామ్మ లేచింది. తను లేస్తున్నట్టు తనకి తెలియలేదు, కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడుకి తెలిసింది.

"మీ పేరు?"

"నా పేరుతో పనిలేదు. రాసుకోవలసింది ఈమె కొడుకు సంగతి. కప్పులు వేసేవాడు. షుగరు." మామ్మ కుర్రాడి వైపు చూడలేదు, వెనక్కి తిరిగి ఊరివాళ్ళ వైపు చూసింది. చూడ్డం కష్టంగా ఉంది, అయినా చూసింది. "వాడు పోయిన రోజున, కూల్‌డ్రింకులు తాగి తాగి పోయాడని అన్నది నేను. మీరందరూ అదే అనుకున్నారు, నేనన్నాననే. వాడు తాగింది దాహానికి. మందు చాలకపోతే వేసే దాహం అది. తొట్టెడు తాగినా తీరదు. ఈ వసంతమంతా నేనూ తాగాను, కాబట్టి నాకు తెలుసు. వాడు మందు సగం చేసుకున్నాడు. మనం వాణ్ణి తిండిపోతుని చేశాం. మనం కాదు, నేనే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆర్విల్ కింద చూడలేదు, అక్క వైపే చూశాడు. అది ఇంకా కష్టంగా ఉంది.

"థాంక్స్ అమ్మా," అన్నాడు కుర్రాడు, ఏం రాసుకోవాలో తెలియక. "మరి చట్టం గురించి మీ అభిప్రాయం?"

"అది ఈమె చెబుతుంది. అడగడానికి నాకింకా మొహం చెల్లదు," అని మామ్మ కూర్చుంది. చేతులు తొడల కింద పెట్టుకుంది.

నాడీన్ ఆమె వైపు చూడలేదు. అట్టముక్క మామ్మ ఒళ్ళో పడేసి, మళ్ళీ లేచి నిలబడింది.

"వాడికి ముప్ఫై రెండేళ్ళు," అని మొదలుపెట్టింది.